ఈల పట్టువారు కావలెను

తెలుగునాట ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడుట వింతగా తోచిన కాలము గతించినది. నిజామాబాదు ప్రాంతమునుండి బయలుదేరిన గుగులోత్ సౌమ్య జాతీయజట్టులో చోటు సంపాదించినది. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ ప్రోత్సాహమున అనంతపురపు పల్లెబాలికలును మైదానమునకు వచ్చుచున్నారు. అయినను, ఆడువారు పెరిగినంతగా ఆటను నడుపువారు పెరుగలేదు. పురుషుల పోటీలకు పోగా మిగిలిన రిఫరీలే స్త్రీల పోటీలకు దక్కుట చాలచోట్ల ఆచారమైపోయినది. ఇంటర్మీడియట్‌తో ఆట మానివేయబోవు గన్నవరపు విద్యార్థిని ఈ కొరతను తన అవకాశముగా గ్రహింపదగును.

రిఫరీ రాని నాడు ఏమి జరుగునో ఆడినవారెల్లరు ఎరుగుదురు: ఒక జట్టు పి.ఇ.టి. గారి చేతికే ఈల వచ్చును. న్యాయాధిపతి రాలేదని ప్రతివాదిని పీఠమెక్కించుట వంటిదిది. ఆయన ఎంత ధర్మాత్ముడైనను, ఆఫ్‌సైడ్ జెండా ఎత్తువారు లేనప్పుడు, బంతి వదలిన క్షణమున ముందున్న పిల్ల ఎచ్చట నిలిచినదో మైదానము నడుమనుండి ఎట్లు చెప్పగలడు?

ఫిక్స్చర్ వేయువారు తరచుగా జట్లను, మైదానమును లెక్కించుకొని, రిఫరీలను చిట్టచివర వెదకుదురు. నా దృష్టిలో ఇది తలక్రిందుల పద్ధతి. ఎనిమిది జట్లు తమలో తాము ఒక్కొక్కమారు తలపడిన 28 ఆటలగును. ఆదివారమునకు నాలుగు చొప్పున ఏడు ఆదివారములు. ఒక జట్టును కదలక నిలిపి, తక్కిన ఏడింటిని వారమునకొక స్థానము చొప్పున త్రిప్పినచో, ఏ రెండు జట్లును మరల ఎదురుపడవు. జట్లు ఏడే అయినచో, ఆ కదలని స్థానమే బై యగును. ఇది అందరెరిగిన లెక్కయే. అసలు లెక్క దీని తరువాతిది: ఆటకొక రిఫరీ, ఇద్దరు సహాయకులు చొప్పున 84 బాధ్యతలు, ఆరుగురున్నయెడల ఆదివారమునకు తలకు రెండు. మన కృష్ణాతీరపు ఎండలో మధ్యాహ్నపు ఆట అమానుషము గనుక, ఉదయము రెండు, సాయంకాలము రెండు ఆటలు పెట్టి, ఒక ముగ్గురికి ప్రతిపూట మొదటి ఆటను, వేరొక ముగ్గురికి రెండవ ఆటను అప్పగించినచో ఎవరును వరుసగా రెండాటలు పరుగెత్త నక్కరలేదు. ఏడవవ్యక్తిని సిద్ధముగా ఉంచుకొనుట వివేకము. సంక్రాంతి ప్రయాణములకు, మార్చి పరీక్షలకు, కార్తీకపు తుపానులకు ఖాళీ వారములు విడువవలెను; నల్లరేగడి నేల ఒకమారు తడిసినచో ఎవరి పట్టికను లక్ష్యపెట్టదు. ఇట్టి లెక్క వేయగల యువతి కళాశాల క్రీడావిభాగమునకును అకాడమీలకును అక్కరకు వచ్చును.

ఇక రిఫరీ మార్గము. ఆట నియమములు 17. వానిని కంఠస్థము చేయుటకన్న, ప్రతి నియమమునకు నాలుగు సందర్భములను ఊహించి తీర్పు చెప్పుకొనుట మేలు. జిల్లా, రాష్ట్ర సంఘముల ద్వారా ప్రవేశించి, పరీక్షలలో నెగ్గి, అఖిల భారత సమాఖ్య శ్రేణులను ఎక్కవలెను. దేహదార్ఢ్యము తప్పదు: అంతర్జాతీయస్థాయి పరీక్షలో 40 మీటర్ల పరుగు ఆరుమార్లు, అటుపిమ్మట 75 మీటర్లు పరుగు, 25 మీటర్లు నడక చొప్పున నలువదిమార్లు ఉండును. తమిళనాటి దిండిగల్లుకు చెందిన రూపాదేవి ఆటగత్తెగా ఉండి అంతర్జాతీయ రిఫరీ అయినది. గోవా వనిత యువెనా ఫెర్నాండెజ్ 2016లో జోర్డాన్‌లో జరిగిన బాలికల ప్రపంచకప్పున సహాయక రిఫరీగా నిలిచినది. 2022 డిసెంబరు 1న ఖతార్‌లో కోస్టారికా, జర్మనీల నడుమ జరిగిన పురుషుల ప్రపంచకప్పు ఆటను స్టెఫానీ ఫ్రాపార్, ఆమె ఇరువురు స్త్రీ సహాయకులు నడిపిరి.

జీవిక సంగతి దాచుట తగదు. స్థానిక పోటీలలో ఆటకింతయని ఇచ్చు రుసుముతో సంసారము సాగదు. కావున బి.పి.ఇడి. చదివి వ్యాయామోపాధ్యాయిని ఉద్యోగమునకు డి.యస్సి. వ్రాయుచు, సెలవుదినములలో ఈల పట్టుట మన ప్రాంతమునకు సరిపడు దారి. బోధనలో కుదిరిన కంఠము, నిగ్రహము మైదానమున నేరుగా పనికివచ్చును. దూషణలు వినవలసివచ్చును గనుక, మొదటి ఏడాది పెద్దల ఆటలకు పోక, చిన్న వయసు బాలికల పోటీలతో ఆరంభింపుడు. పిలుపు వచ్చినప్పుడు మాత్రము మొగమాటము వలదు: తోడుగా వచ్చు సహాయకులెవ్వరు, దుస్తులు మార్చుకొను గది కలదా, విజయవాడనుండి ఆఖరి బస్సునకు ముందే ఆట ముగియునా, దారిఖర్చు ఎవరిది అను నాలుగు ప్రశ్నలు అడిగిన తరువాతనే ఒప్పుకొనుడు.