పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంటి రంగుల్లో సీసం

సీసం సంకేతం పీబీ (లాటిన్ ప్లంబమ్), పరమాణు సంఖ్య 82. సీసం విషప్రభావం: ప్లంబిజం. సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. శరీరంలో ఎక్కువగా నిల్వ ఉండేది ఎముకలు, దంతాల్లో. ఎక్కువ ముప్పు ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు.

తప్పక అడిగేది: గృహ, అలంకరణ రంగుల్లో సీసం నియమాలు 2016. మాతృచట్టం పర్యావరణ పరిరక్షణ చట్టం 1986. పరిమితి 90 పీపీఎం, అంటే 0.009 శాతం. నోటిఫికేషన్ 2016 నవంబరు 1, అమలు 2017 నవంబరు 1. ఈ రెండేళ్లనూ తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు, జాగ్రత్త.

ఈ నియమాలు తయారీ, అమ్మకం, దిగుమతి, ఎగుమతులకే. గోడమీది పాత రంగు తొలగింపు ఊసు వాటిలో లేదు. ఇది పెద్ద లోటే. హైదరాబాద్‌లోని టోలిచౌకి, ఫిల్మ్‌నగర్‌లాంటి చోట్ల 2017కు ముందు ఎనామిల్ వేసిన తలుపులు, గ్రిల్స్ ఉన్నవారు పొడిగా గీకించకూడదు. తడిపి గీకించాలి, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచాలి, తడిగుడ్డతో తుడవాలి.

పోలిక: అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసంపై నిషేధం 1978. అంతకుముందు కట్టిన ఇల్లు అమ్మితే తెలిసిన సీసం వివరాలు కొనుగోలుదారుకు చెప్పాలి (1992 చట్టం). తొలగింపునకు గృహనిర్మాణ శాఖ గ్రాంట్లు ఇస్తుంది. అక్కడ పాత ఇళ్లు కొనే మనవాళ్లకూ ఇది పనికొచ్చేదే.

సంబంధిత భారత రాజ్యాంగ అధికరణలు: 21, 47, 48ఏ, 51ఏ(జి).

ఏలూరు, 2020 డిసెంబరు: అంతుచిక్కని అస్వస్థత బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ గుర్తించింది.

సీసం విషప్రభావ నివారణ అంతర్జాతీయ వారం: అక్టోబరు.