సైకిలు తొక్కు పెద్దవారికి శిరస్త్రాణము అవసరమా?

మన గ్రామములలో సైకిలు తొక్కు పెద్దవారెవరు? తెల్లవారకముందే పాలక్యానులు కట్టుకొని పట్టణమునకు పోవువాడు, పారయు సద్దిమూటయు తగిలించుకొని పనికి బయలుదేరు కూలి, పచ్చగడ్డి మోపుతో ప్రొద్దుగూకి ఇల్లు చేరు రైతు, రాత్రి కాపలాకు పోవు ముసలివాడు. వీరిలో వినోదము కొరకు సైకిలు ఎక్కువారు లేరు. ఆ సైకిలు నాలుగు దినములు గోడకు ఆనియున్నచో ఆ ఇంట పొయ్యి రాజుట కష్టము.

అట్టివారిని “తలకు హెల్మెట్టు పెట్టుకొనరేల?” అని అడిగినచో చాలమంది నవ్వుదురు. “అది మోటారుసైకిలు వారికి గదా! మేము పోవునది నడకకంటె కొంచెము వేగము. ముప్పది యేండ్లుగా తొక్కుచున్నాము, ఎన్నడైన తల పగిలినదా?” అందురు. ఈ మాటలలో కొంత న్యాయమున్నది, కొంత పొరపాటును ఉన్నది. చట్టమును వారి పక్షముననే యున్నది. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను మోటారు ద్విచక్రవాహనములపై పోవువారికి హెల్మెట్టు విధించినది గాని, కాలితో తొక్కు సైకిలునకు విధింపలేదు. కావున ఈ విషయమున ఎవరికి వారే ఆలోచించుకొనవలసి యున్నది.

మొదట పొరపాటును చూతము. సైకిలుపై కూర్చున్న పెద్దవాని తల నేలకు సుమారు 5 అడుగుల ఎత్తున ఉండును. గులకరాతిపై చక్రము జారి మనిషి ప్రక్కకు పడినచో, ఆ తల నేలను తాకునప్పటికి దాని వేగము గంటకు రమారమి 20 కిలోమీటర్లు. ఈ వేగము పడిన ఎత్తును బట్టి వచ్చునదే గాని, సైకిలు ముందునకు పోవు వేగమును బట్టి వచ్చునది కాదు. నిలిచియున్న సైకిలు పైనుండి ఒరిగి పడినను ఇంతే. “మెల్లగా పోవుదుము గనుక భయము లేదు” అనువారు ఈ సంగతి తలంపకున్నారు. చిన్నపిల్లలకు హెల్మెట్టు కావలెను గాని పెద్దలకు అక్కరలేదనుటయు సరికాదు. పెద్దవాని తల పిల్లవాని తలకంటె ఎక్కువ ఎత్తునుండియే పడును.

తల పగులుటకు కారణము వేగము మాత్రమే కాదు, ఆ వేగము ఎంత దూరములో ఆగినదనునది ముఖ్యము. గుడిలో బండపై కొట్టిన కొబ్బరికాయ పగులును. అదే కాయ చెట్టుపైనుండి గడ్డివామిలో పడినచో పగులదు. బండపై కాయ రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగిపోవును. గడ్డిలో జానెడు లోతు దిగి ఆగును. ఆగు దూరము ఎన్ని రెట్లు పెరిగిన, దెబ్బ బలము సగటున అన్ని రెట్లు తగ్గును. సైకిలు హెల్మెట్టులో జరుగునదియు ఇదియే. పైన పలుచని గట్టి పెంకు, లోపల రెండు మూడు సెంటీమీటర్ల మందమున థర్మోకోలు జాతికి చెందిన నురుగుపొర ఉండును. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, తలకు ఆగుటకు కావలసిన వ్యవధి నిచ్చును. తలపాగా ఈ పని చేయజాలదు. అది దెబ్బకు ముందే జారిపోవును, జారకున్నను క్షణములో అణగిపోవును.

ఈ శిరస్త్రాణపు విద్యకు ఒక చరిత్ర యున్నది. 1935 మే నెలలో ఇంగ్లాండున టి. ఇ. లారెన్సు అను ప్రసిద్ధ సైనికుడు మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపై నున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. ఆయన తలకు ఏ రక్షణయు లేదు. స్పృహ రాకయే కొలది దినములకు మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో ఒకడైన హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు పిదప ఈ విషయమును పట్టుకొని, యుద్ధకాలమున మోటారుసైకిళ్లపై సందేశములు మోయు సిపాయిల తలగాయములను పరిశీలించి, 1941లో తన ఫలితములను ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము విధిలోనున్న తన మోటారుసైకిలు సిపాయిలకు హెల్మెట్టును తప్పనిసరి చేసెను. బాలుర సైకిళ్లను తప్పింపబోయి పోయిన ఒక ప్రాణము నుండి ఆరంభమైన విచారణ ఈనాడు సైకిలు వారి తలవరకు వచ్చినది.

సైకిలు హెల్మెట్టు మాటకు వచ్చినచో, 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు పలు దేశములలో జరిగిన 40 పరిశీలనలను, అనగా గాయపడిన 64,000 మందికి పైగా సైకిలు ప్రయాణికుల వివరములను, ఒకచో చేర్చి లెక్కించిరి. పడినవారిలో హెల్మెట్టు ధరించినవారికి తలకు గాయమగు అవకాశము సుమారు సగమునకును, తీవ్రమైన తలగాయపు అవకాశము సుమారు మూడవ వంతునకును తగ్గినట్లు తేలినది. “ముప్పది యేండ్లుగా నాకేమియు కాలేదు” అనువాడు ఈ లెక్కను కాదనలేడు. ముప్పది యేండ్లు పడనివాడు పడనందువలన బాగున్నాడు, తల గట్టిదగుటవలన కాదు.

ఇక వారి మాటలోని న్యాయము. హెల్మెట్టు ఎంతవరకు కాపాడునో అంతవరకే కాపాడును. ఐరోపా ప్రమాణము ప్రకారము సైకిలు హెల్మెట్టును సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తునుండి ఉక్కు దాగలిపై పడవేసి పరీక్షింతురు. అమెరికాలో ఈ ఎత్తు 2 మీటర్లు. అనగా అది మనిషి సైకిలు నుండి నేలపై పడుటకు తగినట్లు చేసిన వస్తువు. పదియారవ నెంబరు జాతీయ రహదారిపై వెనుకనుండి వచ్చు లారీకి అది జవాబు కాదు. లారీ తగిలినప్పుడు రొమ్ము, నడుము, కాళ్లు హెల్మెట్టులో లేవు గదా! 2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు సైకిలు ప్రయాణికులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. వీరందరి తలలపై హెల్మెట్లు ఉన్నను అందరును బ్రతికెడివారని చెప్పుట సత్యము కాదు.

ఇంగ్లాండున బాత్ విశ్వవిద్యాలయపు ఇయాన్ వాకర్ అను పండితుడు ఒక వింత ప్రయోగము చేసెను. తానే కొన్నాళ్లు హెల్మెట్టుతోను, కొన్నాళ్లు లేకయు సైకిలు తొక్కి, తన్ను దాటిపోవు రెండువేలకు పైగా వాహనములు ఎంత ఎడముగా పోవుచున్నవో పరికరముతో కొలిచెను. హెల్మెట్టు ఉన్నప్పుడు అవి సగటున ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దగ్గరగా పోయినవని 2007లో ప్రకటించెను. ఆ ప్రయోగకాలమున రెండు వాహనములు ఆయనను ఢీకొనినవి. ఆ రెండుసార్లును ఆయన తలపై హెల్మెట్టు ఉన్నది! ఈ కొలతల అర్థమును గూర్చి పండితులలో తరువాత వాదోపవాదములు జరిగినవి. అందువలన దీనిని హెల్మెట్టు వలదనుటకు సాక్ష్యముగా గైకొనరాదు. డ్రైవరు దయ హెల్మెట్టుతో పెరుగదని మాత్రము గ్రహింపవచ్చును.

ధరించుట మంచిదా అనునది ఒక ప్రశ్న, చట్టముచే ధరింపజేయవలెనా అనునది వేరొక ప్రశ్న. ఈ రెండును తరచుగా కలిసిపోవుచున్నవి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1990 జూలై 1 నుండి సైకిలు వారందరికి హెల్మెట్టును నిర్బంధము చేసెను. ధరించువారు నూటికి 31 నుండి ఒక్క సంవత్సరములో 75కు పెరిగిరి. తలగాయములు తగ్గినవి. కాని మెల్బోర్ను వీధులలో సైకిలు తొక్కు యువకుల సంఖ్యయు తగ్గినది. గాయములు తగ్గుట హెల్మెట్టు వలననా, తొక్కువారు తగ్గుట వలననా అను తగవు ఆనాడు మొదలై ఇంకను నడచుచున్నది. హాలెండు దేశమున జనులకంటె సైకిళ్లు ఎక్కువ. అయినను సామాన్యముగా సైకిలుపై తిరుగు పెద్దలలో హెల్మెట్టు ధరించువారు అరుదు. అచట సైకిళ్లకు ప్రత్యేకముగా బాటలు వేసి, పెద్ద వాహనముల నుండి వేరుచేసియున్నారు. మనకు ఆ బాటలు లేవు. కనుక హాలెండును చూపి హెల్మెట్టు అక్కరలేదనుట మనకు చెల్లదు. అట్లని విక్టోరియాను చూపి జరిమానా వేయుటయు న్యాయముగా తోచదు. రహదారిపై నున్నవారిలో సైకిలువాడు అందరికంటె పేదవాడు, ఎవరికిని హాని చేయనివాడు. దినకూలిలో జరిమానా కట్టించుకొనవలసిన మొదటివాడు అతడు కాడు.

కావున ఈ వ్యాసకర్త అభిప్రాయమిది. ఊరిలో వీధినుండి వీధికి పోవునపుడు ఎవరి ఇష్టము వారిది. చీకటివేళ తారురోడ్డెక్కువాడు, బరువు కట్టుకొని పోవువాడు, మూర్ఛగాని తలతిరుగుడుగాని ఉన్నవాడు, ఏబది దాటినవాడు హెల్మెట్టు ధరించుట మేలు. మూర్ఛ ఉన్నవాడు సైకిలు ఎక్కుటకు ముందే వైద్యుని సలహా తీసికొనవలెను. చేతిలో నున్న డబ్బు ఒక్క వస్తువునకే చాలినచో, రాత్రి ప్రయాణికుడు మొదట వెనుక ఎర్రని మెరుపుబిళ్లను, ముందు దీపమును కొనవలెను. దీపము లేని సైకిలును పోలీసువారు ఆపిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. వెనుక మడ్గార్డుపై జానెడు తెల్లరంగు పూయుటకు పెద్ద ఖర్చు లేదు. దీపము లారీని దూరమున ఉంచును. అది ఉంచిన పిదప గోతిలో పడినచో హెల్మెట్టు పని ఆరంభమగును.

కొనునపుడు కొన్ని సంగతులు చూడవలెను. ఇంటిలో నున్న మోటారుసైకిలు హెల్మెట్టు తలను కాపాడును గాని, కిలోకు పైబడిన ఆ బరువుతో ఎండలో తొక్కుట దుస్సహము. చలికాలపు తెల్లవారుజామున దానిని వాడుకొనవచ్చును. సైకిలు హెల్మెట్టు పావుకిలో మొదలు మూడువందల ఏబది గ్రాముల వరకు తూగును, గాలి ఆడుటకు రంధ్రములుండును. ఇండ్లు కట్టు పనివారి ప్లాస్టికు టోపీ దీనికి పనికిరాదు. అది పైనుండి రాలు వస్తువులకై చేసినది, ప్రక్క దెబ్బలకు కాదు. సంతలో దొరకు నురుగుపొర లేని గిన్నెటోపీలును అంతే. హెల్మెట్టు నుదుటిపై కనుబొమలకు రెండు వ్రేళ్ల ఎత్తున కూర్చుండవలెను. గడ్డముక్రింది పట్టీలో ఒకటి రెండు వ్రేళ్లు మాత్రమే దూరవలెను. పట్టీ బిగింపని హెల్మెట్టు, తల నేలను తాకకముందే తాను వేరుగా ఎగిరిపోవును.

ఆ నురుగుపొర ఒక్కసారి మాత్రమే నలుగును. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి చెక్కుచెదరనట్లు కనబడినను లోపల పని అయిపోయినదే. దానిని మరల ధరింపరాదు, తమ్మునికో పాలేరుకో ఈయరాదు. పారవేయునపుడు పట్టీలు కోసి, పెంకును రెండుగా విరిచి పారవేయవలెను. అట్లు చేయనిచో దారిని పోవువాడెవడో బాగున్నదని ఏరుకొని తలకు పెట్టుకొనును.