ప్రభుత్వ పనుల టెండర్లు – సామాజిక సుస్థిరత: అబర్డీన్ బజార్ నుంచి ఏషియాడ్ తీర్పు దాకా

నిర్వచనం: రోడ్లు, భవనాల పనులు అప్పగించేటప్పుడు తక్కువ ధరతోపాటు కూలీల వేతనం, భద్రత, దివ్యాంగుల సౌకర్యం, చిన్న సంస్థల వాటా కూడా చూడటం. సుస్థిరాభివృద్ధి లక్ష్యం: 12.7 (11 కాదు). అంతర్జాతీయ ప్రమాణం: ఐఎస్ఓ 20400 (2017).

ప్రాంతం: అబర్డీన్ బజార్ అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో ఉంది. పాత పేరు పోర్ట్ బ్లెయిర్. మార్పు ప్రకటన 2024 సెప్టెంబర్ 13. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు, హైకోర్టు కలకత్తా. నగరం స్మార్ట్ సిటీగా ఎంపిక 2016 మే ఫాస్ట్‌ట్రాక్ జాబితాలో. అదే జాబితాలో వరంగల్. పరీక్షలో ఈ రెండు నగరాలను జతపరచమని అడగవచ్చు.

బజారు విస్తరణ పనులైతే: వీధి విక్రేతల చట్టం 2014, సెక్షన్ 3(3). సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా తొలగింపు కుదరదు.

★ తప్పక చదవండి: పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ కేసు, 1982. ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణాల కూలీల తరఫున వ్యాజ్యం. తీర్పు: జస్టిస్ పి.ఎన్.భగవతి. కనీస వేతనం కన్నా తక్కువ చెల్లిస్తే అది వెట్టి. అధికరణ 23 ఉల్లంఘన. నిర్మాణ రంగంలో 14 ఏళ్లలోపు పిల్లలు పనిచేయరాదు: అధికరణ 24. తప్పు కాంట్రాక్టరుదని ప్రభుత్వం తప్పించుకోలేదు. ప్రజాప్రయోజన వ్యాజ్యం ప్రశ్నల్లోనూ ఇదే కేసు వస్తుంది.

ప్రభుత్వ ఒప్పందాల రూపం: అధికరణ 299. 298తో కలపొద్దు.

సూక్ష్మ, చిన్న సంస్థల కొనుగోలు విధానం 2012: 25%, అందులో ఎస్సీ, ఎస్టీలకు 4%, మహిళలకు 3%. ఇది వస్తువులు, సేవలకే.

కార్మిక కోడ్‌లు అమల్లోకి: 2025 నవంబర్ 21. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే కనీస కార్మికుల సంఖ్య 20 నుంచి 50కి పెరిగింది. పాత పుస్తకాల్లో 20 అనే ఉంటుంది, జాగ్రత్త.