మామయ్య మాట్లాడట్లేదా? ఓ పద్యం పెట్టి చూడండి

పటాన్‌చెరు, ఇస్నాపూర్, బీరంగూడ, సంగారెడ్డి... మనం ఎక్కడుంటే ఏముంది, ఇంటి కథ ఒకటే కదమ్మా! ఇంటాయనకు ఈ వారం నైట్ షిఫ్టు, పిల్లలకు ట్యూషన్, మనకు వంటా ఉద్యోగమూ. ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారని తెచ్చుకున్న మామయ్యకేమో బాల్కనీలో కుర్చీ, కింద వరసగా పోయే కంపెనీ బస్సులు. "బాగున్నారా మామయ్యా?" అంటే "ఆఁ" అంటారు, అంతే. వేళకు బీపీ మాత్ర ఇస్తున్నాం, మెత్తగా రొట్టె చేసి పెడుతున్నాం, అయినా ఆయన మనసిక్కడ లేదు. మనవల్ల ఏం లోపం జరిగిందోనని మనకు నిద్ర పట్టదు. అవునా?

ముందు ఆ దిగులు పక్కన పెట్టండి. మనం అడిగే ప్రశ్న మార్చుకుంటే చాలు. "మీ చిన్నప్పుడు ఊళ్లో ఏ నాటకం ఆడేవాళ్లు? పద్యం ఎవరు బాగా పాడేవాళ్లు?" అని అడగండి. ఆ తరంలో తెల్లవార్లూ చాప మీద కూర్చుని నాటకం చూసినవాళ్లు ఎంతమందో! మన వైపు ఊళ్ల పెద్దలైతే చిందు భాగోతం కబుర్లు కూడా చెప్తారు. మీరు టీ కప్పు చేతికిచ్చి, పక్కన కూర్చోండి. నిలబడి అడిగితే చెప్పరు సుమా!

కబుర్లు మొదలయ్యాక ఫోన్‌లో ఓ పాటో పద్యమో పెట్టండి. ఏది వినిపించాలి అంటారా? మాధవపెద్ది సత్యంతో మొదలుపెట్టండి. ఘంటసాల పుట్టిన 1922లోనే పుట్టి, నాటకాల నుంచి సినిమాకొచ్చిన గాయకుడాయన. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పెళ్లి విందు ముందు కూర్చుని పాడతాడు చూడండి, ఆ పాట ఆ వేషం వేసిన ఎస్.వి. రంగారావే పాడాడని మనం చిన్నప్పుడు అనుకోలేదూ? ఆ గొంతు మాధవపెద్దిది. ఈసారి బొమ్మ చూడకుండా వినండి. పాట మధ్యలో పగలబడి నవ్వుతాడు, అయినా తాళం తప్పదు. అంత బరువైన గొంతూ అల్లరి చేస్తుంది. ఇదే మనిషి 'కులగోత్రాలు' (1962)లో పిఠాపురం నాగేశ్వరరావుతో కలిసి, పేకాటలో డబ్బులు పోగొట్టుకున్నవాళ్ల పాట ఎంత తేలిగ్గా పాడాడో!  ఇలాంటి మన గొంతులను మనం వెతుక్కోవద్దూ?

పద్యం మనకే అర్థం కాదు, పిల్లలేం వింటారని భయమా? కథ ముందు చెప్పండి, పద్యం తర్వాత పెట్టండి. 'హరిశ్చంద్ర'లో కాటి సీనుంది కదా, అది డి.వి. సుబ్బారావు గొంతులో వినిపించండి. కాటికాపరిగా మారిన రాజు ముందుకు సొంత భార్యే చచ్చిపోయిన కొడుకును ఎత్తుకొస్తుంది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది, కాటిలో పాడే పద్యాల్లో గుర్రం జాషువావీ కలిశాయి. ఈ మాత్రం తెలిస్తే పదేళ్ల పిల్లాడు కూడా కదలకుండా వింటాడు. అర్థం కాని మాటలు తాతయ్యను అడగమనండి. అసలు మనకు కావలసింది అదే కదా!

ఊళ్లో ట్రంకు పెట్టె తెరిస్తే నల్లటి పాత రికార్డులు బయటపడ్డాయా? కంగారుగా తుడిచేయకండి తల్లీ. 78 స్పీడు రికార్డుల్లో ఉండేది లక్క, మన లాడ్‌బజార్ గాజులకు వాడే లక్కే. స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది, చెయ్యి జారితే పెంకులైపోతుంది. మెత్తటి పొడి గుడ్డతో గాడి వెంబడే దుమ్ము తీయండి. ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, ఎండ తగలని చోట నిలబెట్టండి. లేబుల్ మీది పేరూ నంబరూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాట ఎక్కించి ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తే, 78 స్పీడులోనే తిప్పమని గట్టిగా చెప్పండి. ఎల్పీల సన్న సూది దీనికి కుదరదు. స్పీడు తగ్గితే చంటిపిల్లాడి గొంతు కూడా ఘటోత్కచుడి గొంతైపోతుంది! ఒక్కో వైపు మూడు నిమిషాలే కాబట్టి, గంటసేపు రాగం తీస్తారేమోనని ఇంటాయన కూడా బెదరక్కర్లేదు.

షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనిషి నిద్ర పాడవుతుందా? ఆయన లేచి టీ తాగే వేళకు పెట్టండి. అప్పుడు తండ్రీ కొడుకులు కలిసి వింటారు కూడా.

ఇంకో మాట. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటకం వాళ్ల కుటుంబాలు ఎక్కడో లేవు, పక్కనే లింగంపల్లిలో కాలనీ కట్టుకుని ఉన్నాయి. 'మాయాబజార్' వాళ్ల పేరు మోసిన నాటకం. ఎప్పుడు ఆడుతున్నారో కనుక్కుని, మామయ్యను ముందు వరసలో కూర్చోబెట్టండి. వెళ్లడానికి ఆయన మొహమాటపడతారు, మీరు వినకండి. టికెట్లు కొన్నాకే చెప్పండి, సరేనా?