ముందు మూత తియ్యి, పేరు తర్వాత

అమ్మడూ,

కాదు, నువ్వు చూసిన సింథసైజర్ పొలివోక్స్ కాదు. తిబిలిసీలో డ్రై బ్రిడ్జి సంతలో అమ్మేవాడు అలా అన్నాడనీ, ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే అదే పేరు వచ్చిందనీ రాశావు. ఇద్దరు సాక్షులు దొరికారని సంబరపడుతున్నావు గానీ, ఆ ఇద్దరూ ఒకే పుకారు విన్నవాళ్లు. సోవియట్ సింథసైజర్లలో బయట బాగా తెలిసిన పేరు అదే. అందుకని రష్యన్ అక్షరాలూ, హార్మోనియం మెట్లూ ఒకే డబ్బా మీద కనిపిస్తే చాలు, జనం పొలివోక్స్ అనేస్తారు. ఆ పేరుకి ధర బాగా పలుకుతుంది కాబట్టి అమ్మేవాడు మాత్రం ఎందుకు కాదంటాడు? డబ్బు ఇంకా ఇవ్వలేదన్నావు, బతికించావు.

ఎందుకు కాదో నువ్వు పంపిన ఫొటోలోనే ఉంది. ఎడమ పక్క ఆసిలేటర్ల నాబ్‌లు లెక్కపెట్టు. మూడు వరసలున్నాయి. పొలివోక్స్‌కి ఉన్నవి రెండే ఆసిలేటర్లు. అది ఒకేసారి రెండు స్వరాలు పలికే వాద్యం, 48 మెట్లు. 1982 నుంచి 1990 వరకు ఉరల్ ప్రాంతంలోని కచ్కనార్ ఊళ్లో ఫర్మాంత ఫ్యాక్టరీలో తయారైంది. లోపలి సర్క్యూట్ వ్లదీమిర్ కుజ్మిన్‌ది, బయటి రూపం ఆయన భార్య ఒలింపియాద కుజ్మినాది. సైన్యం వాడే రేడియో సెట్లు చూసి ఆమె ఆ రూపం గీసింది. దాని ధర 920 రూబుళ్లు. అక్కడ 1985లో సగటు జీతం నెలకి 190 రూబుళ్ల దగ్గర ఉండేది, అంటే దాదాపు అయిదు నెలల జీతం.

ఇక ఆ అయిదు మూలల ముద్ర. అది ఏ కంపెనీదని అడిగావు. ఏ కంపెనీదీ కాదు. 1967 నుంచి మంచి సరుకు అనుకున్నవాటికి సోవియట్ ప్రభుత్వం వేసిన నాణ్యతా ముద్ర. గడియారాల మీదా ఉంటుంది, రేడియోల మీదా ఉంటుంది. దాని వెనక పడి రెండు రాత్రులు చదువు మానుకున్నావని అక్క చెప్పింది. నీకు అనాటమీ పరీక్ష ఉందా లేదా?

ఇప్పుడు అసలు మాట. ఉక్కు ఫ్యాక్టరీలో రష్యన్ మీటర్లు బాగుచేసే రోజుల నుంచీ నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: పేరు చివర్న చదవాలి. రోగి తన జబ్బుకి తనే ఒక పేరు పెట్టుకొని వస్తే, నువ్వు ఆ పేరే కేసు షీట్‌లో రాసేస్తావా? ముందు నాడి చూస్తావు కదా. వాద్యం మీదున్న పేరు పలక ఊడిపోవచ్చు, వేరే దాని పలక తెచ్చి అతికించవచ్చు, రంగు కొట్టేయవచ్చు. లోపలి బోర్డు మార్చడం అంత తేలిక కాదు. కాబట్టి అమ్మేవాణ్ణి అడిగి, ప్లగ్గు గోడకి పెట్టకుండా, మూత తీయించు. బోర్డు ఫొటోలు పగటి వెలుతురులో, దగ్గర నుంచి తియ్యి.

అక్కడ ఏం చూడాలంటే, ముందు ఐ.సి.ల మీది రాత. సోవియట్ పద్ధతి ఒకసారి పట్టుబడితే మన పేర్ల కంటే అదే సుఖం. కె140యుడి12 అని ఉందనుకో. మొదటి 'కె' మామూలు వాడకానికి చేసిందని. అది లేకుండా నేరుగా 140 అని మొదలైతే ఇంకా గట్టి పరీక్షలకు నిలిచిన రకం. 140 అన్నది సిరీస్. 'యుడి' అంటే ఆప్ ఆంప్. చివరి 12 ఆ జాతిలో దాని వరస. ఈ చిప్పునే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, పొలివోక్స్ ఫిల్టర్ ప్రాణం ఇందులోనే ఉంది. మామూలు ఫిల్టర్లో కెపాసిటర్లు విడిగా కనిపిస్తాయి. కుజ్మిన్ వాటిని పెట్టలేదు. ఈ చిప్పుకి బయటి నుంచి ఇచ్చే కరెంటు పెంచితే అది ఎక్కువ ఫ్రీక్వెన్సీ దాకా పనిచేస్తుంది, తగ్గిస్తే ముందే చేతులెత్తేస్తుంది. ఆ గుణాన్నే ఆయన ఫిల్టర్‌గా వాడుకున్నాడు. చిప్పు లోపల ఎలాగూ ఉండే చిన్న కెపాసిటరే పని చేసిపెడుతుంది. ఆ గరుకు గొంతు అక్కడి నుంచి వచ్చిందే. గుండ్రటి లోహపు టోపీ, ఎనిమిది కాళ్లు ఉండే ఈ చిప్పులు ఫిల్టర్ దగ్గర లేకపోతే, పైన బంగారు అక్షరాలతో రాసున్నా అది పొలివోక్స్ కాదు.

తర్వాత తేదీలు. చిప్పు మీద 8503 అని ఉంటే చాలావరకు 1985 మార్చి. ముందు సంవత్సరం, తర్వాత నెల. పడమటి దేశాల చిప్పుల మీద అదే అంకె మూడో వారం అవుతుంది, కాబట్టి ఎవరి చిప్పో చూసుకో. చివరి రెండంకెలు పన్నెండు దాటితే అది నెల కాదని చెప్పక్కర్లేదు. ఒక్క చిప్పు చూసి తేదీ తేల్చకు. కనిపించినవన్నీ రాసుకో. ఫ్యాక్టరీలో అతికిన భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏ తేదీదో, వాద్యం అంతకంటే పాతది కాజాలదు. ఏదో ఒకటి మిగతావాటికి అయిదారేళ్లు దూరంగా ఉంటే, దాని టంకం మెరుపు చూడు. తర్వాత ఎవరో మార్చి ఉంటారు.

చిన్నగా, పలచగా, పసుపు కలిసిన నారింజ రంగులో బిళ్లల్లాంటి ట్రాన్సిస్టర్లు కనిపిస్తాయి. వాటి మీద ఒక్క అక్షరమే ఉంటుంది. అక్షరం ఎడమ మూలకి ఉంటే కెటి315, నడుమ ఉంటే కెటి361. మొదటిది ఎన్‌పీఎన్, రెండోది పీఎన్‌పీ. ఇంత చిన్న తేడా తెలియక ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేసిన రిపేర్లు ఉంటాయి. అలాగే, బోర్డు మీద కెపాసిటర్లు ఉండాల్సిన చోట ఖాళీ కన్నాలు వరసగా కనిపిస్తే బేరం ఆపెయ్యి. కెఎం అనే సిరామిక్ రకంలో పలాడియం, ప్లాటినం ఉంటాయి. తుక్కువాళ్లు వాటి కోసం పాత సోవియట్ బోర్డులు పీకేస్తారు.

నీది ఎక్కడిదై ఉంటుందో చెప్తాను. మూడు ఆసిలేటర్లు, ఒకే స్వరం, 1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్‌ని గుర్తుచేసే అమరిక. ఇవన్నీ కలిసేది ఆల్తాయిర్-231కి, దానికి ముందు వచ్చిన ఎస్త్రాదిన్-230కి. రెండూ ఉక్రెయిన్‌లోని జితోమిర్ ఊరివి. అక్కడి ఎలెక్త్రోఇజ్మెరీతెల్ ఫ్యాక్టరీ అసలు పని విద్యుత్ కొలత పరికరాలు. ఆ ఊరి టెస్టర్లు నా బల్ల మీద ఏళ్ల తరబడి ఉన్నాయి. ముల్లు వణకకుండా చెప్పిన చోట నిలబడేది. అందుకే ఆ ఊరి పేరు తలచుకోగానే నాకు ఇంటి మనిషిలా అనిపించింది, ఏమనుకోకు. ఐలీత అనే మరో వాద్యం మూరమ్‌లో చేశారు, అదీ రేడియో కొలత పరికరాల ఫ్యాక్టరీయే. ఇది వింతేమీ కాదు. మీటర్లు, రక్షణ సామగ్రి చేసే ఫ్యాక్టరీలు కూడా ప్రజలకు పనికొచ్చే సరుకు కొంత చేయాలని అక్కడి ప్రభుత్వం ఒత్తిడి పెట్టేది. అందుకని సింథసైజర్ మీద సంగీత కంపెనీ పేరు కోసం వెతక్కు. టెస్టర్ మీదా, ఆసిలోస్కోప్ మీదా ఏ ఫ్యాక్టరీ ముద్ర ఉంటుందో, ఇక్కడా అదే ఉండవచ్చు.

అక్షరాలు నేర్చుకోవడం ఒక సాయంత్రం పని. ఇంగ్లీషు 'పి'లా కనిపించేది ర, 'సి'లా ఉన్నది స, 'హెచ్'లా ఉన్నది న, 'బి'లా ఉన్నది వ. ఇవి వస్తే మోసపోవు. 'సేత్' అని ఉన్న స్విచ్ కరెంటుది, 'షూమ్' నాయిస్, 'వీఖద్' అవుట్‌పుట్.

ఆ వీఖద్ దగ్గరే నిన్ను తిట్టాలి. వెనక అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ చూసి "మిడి కూడా ఉంది మావయ్యా!" అని రాశావు. మిడి వచ్చింది 1983లో. ఆ సాకెట్‌ని సోవియట్ వాళ్లు అంతకు ముందు నుంచీ మామూలు ఆడియోకి వాడేవారు, టేప్ రికార్డర్లకీ అదే. రూపం ఒకటే, పని వేరు. నీ లాప్‌టాప్ మిడి డబ్బాకి దాన్ని తగిలించకు.

ప్లగ్గు సంగతి కూడా విను. మీ దగ్గరా 220 వోల్టులే కాబట్టి పెట్టేస్తే పోలా అనుకుంటున్నావు. రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు, లోహపు ఒళ్లు. లోపల నలభై ఏళ్ల ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్లు. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు మధ్యలో వంద వాట్ల సిరీస్ బల్బు పెట్టాలి, అదీ పని తెలిసిన మెకానిక్ చేత. నువ్వు ముట్టుకోవద్దు.

నా తీర్పు ఇది: పొలివోక్స్ ధర పైసా కూడా ఇవ్వకు. మూత తీయనివ్వకపోతే కొనకు. తీయనిస్తే బోర్డు రెండు పక్కలా ఫొటోలు, వెనక పేరు పలక ఉండాల్సిన చోటి ఫొటో పంపు. ఆల్తాయిరో, ఎస్త్రాదినో అప్పుడు తేలుద్దాం. పరీక్ష అయ్యాక వెళ్లు, ముందు కాదు.

మీ మావయ్య