పిలిస్తే తప్ప పలకని పిల్లవాడు

చిరంజీవి అమ్మాయికి,

టెక్కలి నుంచి మీ మాస్టారు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఇది అలా తేలే సంగతి కాదు. హాస్టల్ బాధ్యత తీసుకుని ఏడాది తిరక్కుండానే, గోడలు దూకేవాళ్లని వదిలి, ఏ గొడవా చెయ్యని పిల్లవాడి గురించి అడిగావు. చాలామంది అలాంటివాణ్ని బుద్ధిమంతుడనేసి ముందుకు వెళ్లిపోతారు. తొమ్మిదో తరగతి, భోజనాల వరసలో ఆఖరివాడు, ఆటలప్పుడు ప్రహరీ పక్కన నిలబడతాడు, ఏం కావాలన్నా "ఏటీ అక్కర్నేదు మేడం" అంటాడు. తండ్రి డయాలసిస్ మీద కొన్నాళ్లుండి పోయాడు, తల్లి పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. పేరు రాయలేదు, మంచి పని చేశావు. "వీణ్ని నలుగురిలో కలపడం ఎలా మాస్టారూ?" అని కదా అడిగావు. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టు. నలుగురికీ దూరంగా ఉండడం వాడు ఎక్కడ నేర్చుకున్నాడో ముందు చూద్దాం.

డయాలసిస్ ఉన్న ఇంట్లో వారం ఎలా గడుస్తుందో నీకు తెలియాలి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కో విడతకి నాలుగేసి గంటలు. ఇప్పుడు పలాసలో, సోంపేటలో యంత్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా మొదలయ్యాయి. ఆ యంత్రాలు రాకముందు శ్రీకాకుళమో విశాఖో పోవాల్సిందే. రానూపోనూ రోజంతా అయిపోయేది. డయాలసిస్ చేయించుకొచ్చిన పూట మనిషి సోలిపోయి పడుకుంటాడు. మర్నాడు కాస్త లేచి కూర్చుంటాడు. మళ్లీ వెళ్లాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ కాళ్లవాపు, ఆయాసం, చిరాకు. ఆ ఇంటి పిల్లవాడికి ఏ రోజు మాట్లాడొచ్చో, ఏ రోజు గిన్నె చప్పుడు కూడా కాకూడదో ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది. తండ్రి తాగే నీళ్లకి కొలత ఉంటుంది కాబట్టి, దాహం వేస్తే చెంబు పట్టుకుని పెరట్లోకి పోయి తాగే పిల్లల్ని నేను చూశాను. ఏడెనిమిదేళ్ల పిల్లలు! తన దాహం ఇంకొకళ్లకి బాధ అని ఆ వయసులో తెలిసినవాడు, పద్నాలుగేళ్లకి నీ దగ్గరికొచ్చి దుప్పటి చిరిగిందని చెబుతాడా?

ఇంకొకటుంది. ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు. తెలిసేసరికి మూత్రపిండాలు చాలావరకు పోయి ఉంటాయి. ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్ని బృందాలు వచ్చి నీళ్లు, మట్టి, నెత్తురు పట్టుకెళ్లినా అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. కారణం తెలియని జబ్బు ఇంట్లో ఉంటే ప్రతి కొడుకూ తన వంతు ఎప్పుడా అని లోపల లెక్క వేసుకుంటాడు. అక్కకి సంబంధాలు చూస్తుంటే నెత్తురు పరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందో వీధిలో అనకూడదు. "ఎవులైనా అడిగితే నాయిన బాగున్నాడను" అని తల్లే నేర్పుతుంది. ఆమెని ఏమీ అనలేం. కూతురి పెళ్లి ఆమెకి ముఖ్యం. కానీ స్నేహితుడన్నాక ఇంటికొస్తాడు, మంచం మీద ఎవరని అడుగుతాడు. ప్రతిసారీ అబద్ధం ఆడేకంటే స్నేహితుడే లేకుండా చూసుకోవడం పిల్లవాడికి తేలిక.

తండ్రి పోయాక పెద్దకర్మ నాడు ఊరి పెద్దలు ఒక్కొక్కరూ వచ్చి పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, "ఇంక మీ యమ్మకి నువ్వే దిక్కురా, నువ్వు ఏడవకూడదు" అంటారు. ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. తండ్రితో పాటే వాడి బాల్యాన్ని కూడా పాడె మీద పెట్టి పంపేస్తాం. అక్కడి నుంచి వాడు కొడుకు కాదు, ఇంటి మగదిక్కు. ఏడవడం వాయిదా పడుతుంది. చాలామందికి ఆ ఏడ్చే రోజు ఎప్పటికీ రాదు.

దీనికి తోడు తిత్లీ ఒకటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ తొమ్మిదో తరగతి పిల్లలు బాగా చిన్నవాళ్లు. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమీద ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి చాలా ఇళ్లలో తండ్రులు హైదరాబాదుకో, వెల్డింగు పనికి గల్ఫుకో కదిలారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర మిగిలారు. చెట్టూ, ఇంటి కప్పూ, తండ్రీ ఏవీ ఉన్నచోట ఉండవని చిన్నప్పుడే చూసినవాడు దేన్నీ గట్టిగా పట్టుకోడు.

ఇది ఈ ప్రాంతానికి కొత్త కాదమ్మా. 1969లో, నక్సలైటు ఉద్యమం రోజుల్లో, నేను హైస్కూల్లో ఉన్నాను. పంచాది కృష్ణమూర్తి ఎన్‌కౌంటరు ఆ మే నెలలో, సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల ఆ డిసెంబరులో. బొడ్డపాడు చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో యువకులు తిరిగి రాలేదో! ఆ ఇళ్ల పిల్లల్లో కొందరు నాతో చదివారు. ఒక వీధిలో వాళ్లు వీరుడి పిల్లలు, పక్క వీధిలో దొంగవాడి పిల్లలు. తండ్రి కోసం బెంగపెట్టుకోవడానికి మాత్రం ఎవరూ చోటివ్వలేదు. నువ్వెవరివో ఊరే ముందుగా తేల్చేస్తే పిల్లవాడికి మిగిలేది రెండే దారులు: ఆ పేరు మొయ్యడం, లేదా ఎవరి కంటా పడకుండా ఉండడం. నీ హాస్టల్లో ఉన్నవాడికి ఊరు పెట్టిన పేరు "పాపం, కిడ్నీ పిల్లోడు". రెండో దారి పట్టాడు.

ఇక కాస్త పుస్తకాల సంగతి. జాన్ బౌల్బీ అని ఇంగ్లండులో ఒక మానసిక వైద్యుడు. కలవారి ఇల్లు, తల్లి రోజుకి ఓ గంట కనబడేది, పెంచినదంతా ఆయా. అతనికి నాలుగేళ్లు వచ్చేసరికి ఆ ఆయా వెళ్లిపోయింది. పెద్దయ్యాక అతను దొంగతనాలు చేసి దొరికిన 44 మంది పిల్లల్ని పరిశీలించి 1944లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఎవరిమీదా మమకారం లేనట్టు కనిపించిన 14 మందిలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవాళ్లు. దీన్ని పట్టుకుని తల్లి దూరమైతే పిల్లవాడు చెడినట్టే అని తీర్పులిచ్చినవాళ్లున్నారు. అంత దూరం పోకు. 1955లో హవాయి దీవుల్లోని కవాయిలో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్, ఆమె తోటివాళ్లు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తాగుడు, జబ్బు, గొడవలు ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లలో దాదాపు మూడో వంతు నిలకడగా, పనిమంతులుగా, మమత తెలిసినవాళ్లుగా ఎదిగారు. వాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం, ఇంట్లోనో బయటో నమ్మదగిన పెద్దమనిషి ఒకరుండడం. నాయనమ్మ, పిన్ని, టీచరు, ఎవరైనా సరే. ఒక్కరు చాలు.

ఆ ఒక్కరూ దొరక్కపోతే ఏమవుతుందో చెబుతాను. నా దగ్గర చదివినతను ఒకడున్నాడు, వివరాలు వద్దు. మంచి ఉద్యోగం, ఒకరి జోలికి పోడు. పెళ్లయి చాలా ఏళ్లు. ఒకసారి అతని భార్య అంది: "నాకు జొరమొస్తే రాత్రంతా పక్కనే కూకుంటాడు మాస్టారూ. ఆయనకి జొరమొస్తే గది తలుపేసుకుంటాడు." ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇలాంటివాళ్లకి ఇవ్వడం వచ్చు, తీసుకోవడం రాదు. తమకి ఒకరి అవసరం ఉందని ఒప్పుకుంటే ఆ మనిషి అలిసిపోతాడనో, వెళ్లిపోతాడనో భయం. పోట్లాడరు కూడా, పోట్లాడితే మళ్లీ కలుస్తామన్న నమ్మకం ఉండాలి కదా. అవతలివాళ్లు కాస్త పరాకుగా ఉంటే చాలు, వాళ్లకంటే ముందు తామే దూరం జరుగుతారు. బయటివాళ్లు "ఒంటికాయ సొంఠికొమ్ము" అని నవ్వుతారు. మరికొందరు ఎంత ధైర్యస్థుడో అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు ఇంకా ప్రమాదం, ఎందుకంటే తానంటే ఆ ధైర్యమే అని అతనూ నమ్మేస్తాడు.

వీలైతే బుచ్చిబాబు "చివరకు మిగిలేది" చదువు. తల్లి గురించి లోకం అన్న మాటలు మోస్తూ పెరిగిన దయానిధి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్తూ, ఎవరి దగ్గరా నిలవలేకపోవడం అందులో ఉంది. గొప్ప నవల. అయితే ఒంటరితనం మీద మన సాహిత్యానికి కొంచెం మోజు ఎక్కువ. పద్నాలుగేళ్ల పిల్లవాడు ప్రహరీ పక్కన నిలబడడంలో తత్వమేమీ లేదు.

అలాగని ఒంటరిగా ఉండే ప్రతివాడికీ లోపల గాయం ఉందనుకోకు. కొంతమందికి ఏకాంతం నిజంగానే ఇష్టం. డోనాల్డ్ వినికాట్ అనే పిల్లల డాక్టరు 1958లో ఒక మాట రాశాడు: ఒంటరిగా హాయిగా ఉండగలగడం అనేది పిల్లవాడు ఇంకొకరి సమక్షంలోనే నేర్చుకుంటాడట. తల్లి పక్కన పని చేసుకుంటూ ఉంటుంది, పిల్లవాడు తన ఆటలో తానుంటాడు, ఇద్దరూ మాట్లాడుకోరు. అలా పెరిగినవాడు తర్వాత ఒక్కడే ఉన్నా బెదరడు. నీ పిల్లవాడు ఏ రకమో ఇక్కడే తేలుతుంది. వాడు ఒక్కడున్నప్పుడు ఏదో ఒక పనిలో మునిగి ఉంటాడా, లేక గేటు చప్పుడైతే చాలు తలెత్తి చూస్తాడా? గమనించు.

నువ్వు చెయ్యాల్సింది కూడా వినికాట్ మాటలోనే ఉంది. స్టాకు రిజిస్టరు పట్టుకుని సాయంత్రం పూట అదే వరండాలో, వాడికి కాస్త ఎడంగా కూర్చో. మాట్లాడించకు. నీ పని నువ్వు చేసుకో. వాడు లేచిపోతే పోనీ, మర్నాడు మళ్లీ అక్కడే కూర్చో. చలికాలంలో వీలైతే పిల్లల్ని తేలినీలాపురం తీసుకెళ్లు. సైబీరియా నుంచి వస్తాయని ఊరివాళ్లు చెప్పుకునే గూడబాతులూ, రంగుకొంగలూ ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. గూళ్లు లెక్కపెట్టే పని వాడికివ్వు. ఎదురెదురుగా కూర్చుని "నీ బాధేంటి నాన్నా" అంటే నోరు విప్పని పిల్లలు, ఇద్దరూ ఒకే చెట్టు వైపు చూస్తున్నప్పుడు ఏదో ఒకటి అంటారు. అన్నాడని సంబరపడి ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యకు. "ఊఁ" అను, చాలు.

మాటిచ్చేటప్పుడు జాగ్రత్త. సెలవు పెడితే ఏ రోజు వస్తావో వాడితో చెప్పి వెళ్లు. సోమవారం అన్నావంటే సోమవారమే కనిపించాలి. బదిలీ అయితే వాడికి ఊళ్లోవాళ్ల ద్వారా తెలియకూడదు. నువ్వే, ముందుగా చెప్పాలి. వీడు కొన్నాళ్లకి నిన్ను పరీక్షిస్తాడు కూడా. ఉన్నట్టుండి ఎదురు తిరుగుతాడు, లేదా నువ్విచ్చిన పని కావాలని పాడుచేస్తాడు. ఎంత చేస్తే నువ్వు వదిలేస్తావో చూడడం అది. తప్పు తప్పని చెప్పు, శిక్షంటూ ఉంటే వెయ్యి, సాయంత్రం మాత్రం అదే వరండాలో కూర్చో.

దాతలు వచ్చి పుస్తకాలు పంచేటప్పుడు "తండ్రి లేని పిల్లలు ఇటు రండి" అని నిలబెట్టే అలవాటు మన దగ్గర ఉంది. నీ హాస్టల్లో అది జరగనివ్వకు. ఫొటో కావాలంటే భవనం ముందు దిగమను. తల్లి ఒక్కతే పోషిస్తున్న ఇలాంటి పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయల సాయం ఉంది. ఆ కాగితాలు తల్లిని పిలిచి విడిగా పూర్తి చేయించు. ఆమె రోజు కూలి పోకుండా సెలవు దినం చూసి పిలువు. జీడిగింజల రసానికి ఆమె వేళ్లు నల్లబడి ఉంటాయి, సంతకం పెట్టేటప్పుడు చెయ్యి దాచుకోబోతే చూడనట్టు ఊరుకో.

కొన్ని నీవల్లా నావల్లా కావు. రాత్రుళ్లు నిద్రలేకపోవడం, తిండి మానెయ్యడం, ఒంటిమీద కోసుకున్న గుర్తులు, "నేను లేకపోతే అమ్మకి ఖర్చు తగ్గుద్ది" లాంటి మాట, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కదులు, వాణ్ని ఒంటరిగా వదలకు. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల సహాయానికి 1098 ఉంది. అవసరమైతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకెళ్లాలి. తల్లి "పిచ్చాసుపత్రికా?" అని బెదిరిపోతే కిడ్నీకి డాక్టరున్నట్టే నిద్రకీ డాక్టరున్నాడని చెప్పు. ఆ పోలిక ఉద్దానంలో అందరికీ అర్థమవుతుంది.

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు వస్తారు. వీడికోసం ఎవరొస్తారో ఇప్పుడే కనుక్కో. తల్లికి పనివల్ల కుదరకపోతే ఏ బస్సెక్కించాలో, దిగినచోట ఎవరుంటారో వాడితోనే కూర్చుని కాగితం మీద రాయి. పైగా అది తుపాన్ల కాలం. ఆ రోజుల్లో గాలి లేచి కరెంటు పోయిన రాత్రుంటే పెద్ద గదిలో అందరినీ ఒకచోట పడుకోబెట్టు, నీ చాప కూడా అక్కడే వేసుకో. టార్చిలైటుకి బ్యాటరీలు ఈ వారమే కొను.

ఇట్లు,
మీ మాస్టారు