బ్రేక్ షూలు కంపెనీవా, లోకల్‌వా? పెట్టె మీది పేరు కంటే ముందు చూడాల్సినవి

"బ్రేక్ షూలు అరిగిపోయాయి, మార్చాలి" అన్నాక మెకానిక్ అడిగే తర్వాతి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "కంపెనీవి వేయమంటారా, లోకల్‌వి వేయమంటారా?" ధరలో తేడా కొన్నిసార్లు సగానికి సగం ఉంటుంది. ఢిల్లీ కరోల్ బాగ్, చెన్నై పుదుపేట వంటి పెద్ద స్పేర్ పార్టుల బజార్ల నుంచి మండల కేంద్రంలోని చిన్న షాపు దాకా ఇదే ప్రశ్న వినిపిస్తుంది. చాలామంది జేబును బట్టో, మెకానిక్ మీద నమ్మకాన్ని బట్టో జవాబు చెప్పేస్తారు. కానీ ఈ జవాబు ఒక్కో పార్టుకు ఒక్కోలా ఉండాలి. ఆ పార్టు ఏ పని చేస్తోంది, అది దెబ్బతింటే ఏమవుతుంది అన్నవి తెలిస్తే ఎక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చో, ఎక్కడ కూడదో తేలిపోతుంది.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. 'లోకల్' అనే ఒక్క మాట కింద మూడు రకాల సరుకు చెలామణి అవుతోంది. మోటార్‌సైకిల్ కంపెనీలు చైన్లు, బ్రేక్ షూలు, స్పార్క్ ప్లగ్గుల వంటివాటిని ఎక్కువగా విడిభాగాల తయారీ సంస్థల దగ్గర కొంటాయి. ఉదాహరణకు కోయంబత్తూరుకు చెందిన ఎల్‌జీ బాలకృష్ణన్ సంస్థ బండి కంపెనీలకు చైన్లు సరఫరా చేస్తుంది, 'రోలాన్' పేరుతో బజార్లోనూ అమ్ముతుంది. ఇలాంటి సంస్థల సరుకు మొదటి రకం. కంపెనీలకు సరఫరా చేయకుండా, సొంత పేరుతో తయారుచేసి అమ్మేవాళ్లది రెండో రకం. వీటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. మూడోది నకిలీ, అంటే వేరేవాళ్ల పేరు అచ్చువేసి అమ్మేది. నకిలీ తయారుచేసేవాడు ఎక్కువగా కాపీ కొట్టేది పేరున్న కంపెనీ పెట్టెనే. కాబట్టి 'కంపెనీ పెట్టెలో ఉంది' అన్నంత మాత్రాన భరోసా లేదు.

బ్రేక్ దగ్గర ఏం జరుగుతుంది?

భౌతికశాస్త్రం దృష్టిలో బ్రేక్ ఒక పొయ్యి లాంటిది. బండి గతిశక్తిని వేడిగా మార్చడమే దాని పని. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలు అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ బరువుకు ఉండే గతిశక్తి సుమారు 35 వేల జౌళ్లు. 100 మిల్లీలీటర్లు పట్టే టీ గ్లాసు నిండా నీళ్లను మరిగించడానికి దాదాపు అంతే శక్తి కావాలి. సడన్ బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ వేడిలో అధిక భాగాన్ని మూడు నాలుగు సెకన్లలో లైనింగు, డ్రమ్ము (లేదా ప్యాడ్లు, డిస్కు) తట్టుకోవాలి.

ఘాట్ రోడ్డు మీద పరిస్థితి ఇంకా కఠినం. తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. అదే 250 కిలోలు అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి సుమారు 17 లక్షల జౌళ్లు. 60 వేగం నుంచి 50 సార్లు బండిని పూర్తిగా ఆపినదానితో ఇది సమానం. ఇందులో కొంత గాలి నిరోధానికి పోతుంది, కొంత ఇంజన్ తీసుకుంటుంది. తక్కువ గేరులో దిగమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. మిగిలిందంతా బ్రేకుల వాటా.

లైనింగును రకరకాల నారలు, లోహపు పొడులు, గ్రాఫైట్ వంటివి కలిపి, ఫినాలిక్ రెజిన్ అనే జిగురుతో అతికించి, వేడి మీద గట్టిగా అదిమి తయారుచేస్తారు. వేడి హద్దు దాటితే ఈ రెజిన్ విచ్ఛిన్నమై వాయువులు వెలువడతాయి, ఘర్షణ పడిపోతుంది. దీన్ని 'బ్రేక్ ఫేడ్' అంటారు. మంచి లైనింగు, నాసి లైనింగు చల్లగా ఉన్నప్పుడు ఒకేలా పనిచేయవచ్చు. షాపులో చేతిలోకి తీసుకుని రంగు, బరువు చూస్తే తేడా తెలియదు. వీధి చివరిదాకా తోలి చూసినా తెలియకపోవచ్చు. వేడెక్కాకే తెలుస్తుంది.

ఆ తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క చూద్దాం. డిస్కు బ్రేకులో ఘర్షణ గుణకం 0.40 నుంచి 0.30కి పడిపోయిందనుకోండి. లీవరును అంతే గట్టిగా నొక్కినా బ్రేకు బలం పావు వంతు తగ్గుతుంది. ఇంతకుముందు 60 వేగం నుంచి 23 మీటర్లలో ఆగిన బండి ఇప్పుడు 31 మీటర్లు తీసుకుంటుంది. ఎనిమిది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి బండి పూర్తిగా ఆగిన చోట రెండో బండి ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది! అక్కడ రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే? డ్రమ్ము బ్రేకులో నష్టం ఇంకా ఎక్కువ. చక్రం తిరిగే దిశే ఒక షూను డ్రమ్ము మీదకు మరింత అదుముతుంది. ఘర్షణ తగ్గితే ఆ సాయమూ తగ్గుతుంది.

అలాగని ఘర్షణ ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు. అతిగా పట్టే ప్యాడ్లతో తడి రోడ్డు మీద చక్రం బిగుసుకుపోయి బండి జారవచ్చు, డిస్కు త్వరగా అరగవచ్చు. మరో విషయం. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న బళ్లకు కనీసం కంబైన్డ్ బ్రేకింగ్ (సీబీఎస్), అంతకు మించినవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. సీబీఎస్‌లో ఒక్క లీవరు లేదా పెడల్ నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. ఏ చక్రానికి ఎంత బలం అన్నది అసలు లైనింగుల ఘర్షణను బట్టి కుదిర్చి ఉంటుంది. ఒక చక్రానికి వేరే స్వభావం ఉన్న లైనింగు వేస్తే ఆ పొందిక చెడుతుంది.

అందుకే బ్రేకుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కంపెనీ పార్టు, లేదా కంపెనీలకు సరఫరా చేసే సంస్థ సొంత పేరుతో అమ్మే పార్టు. మూడో మాట వద్దు. కొన్ని ప్యాడ్ల వెనుక 'ఎఫ్‌ఎఫ్', 'జీజీ' వంటి జంట అక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణను, రెండోది బాగా వేడెక్కాక ఉండే ఘర్షణను సూచిస్తుంది. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికంటే ముందుదైతే, ఉదాహరణకు 'ఎఫ్‌ఈ' అని ఉంటే, వేడిలో పట్టు తగ్గుతుందని అర్థం.

ఆయిల్ సంగతి వేరు

ఇంజన్ ఆయిల్ విషయంలో బండి కంపెనీ పేరున్న డబ్బాయే కొనాలన్న నియమం అక్కర్లేదు, ఎందుకంటే కావాల్సిన సమాచారం డబ్బా మీదే ఉంటుంది. గేర్లున్న మన బళ్లలో చాలావాటికి ఇంజను, గేర్‌బాక్సు, క్లచ్ ప్లేట్లు ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కొన్ని కారు ఆయిళ్లలో కలిపే ఘర్షణ తగ్గించే రసాయనాలు ఈ క్లచ్ ప్లేట్లను జారేలా చేస్తాయి. అప్పుడు ఇంజన్ గోల చేస్తుంది గానీ బండి ముందుకు లాగదు. దీన్ని నివారించడానికే జపాన్ 1998లో 'జాసో' ప్రమాణం తెచ్చింది. గేర్ల బండికి 'ఎంఏ' లేదా 'ఎంఏ2', గేర్లు లేని స్కూటర్‌కు సాధారణంగా 'ఎంబీ'. మాన్యువల్ చెప్పిన చిక్కదనం (10డబ్ల్యూ-30 వంటిది), ఈ అక్షరాలు సరిపోతే పేరున్న ఏ కంపెనీ ఆయిలైనా చాలు. కాకపోతే సీలు మీ కళ్లముందే తీయించండి. ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పెట్టించండి, లేకపోతే అది మళ్లీ నిండి ఇంకొకరి దగ్గరికి చేరవచ్చు.

స్పార్క్ ప్లగ్గు మార్చేటప్పుడు బ్రాండు మారినా ఫర్వాలేదు గానీ నంబరుతో జాగ్రత్త. ఎన్‌జీకే ప్లగ్గుల్లో ఉష్ణ శ్రేణి అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అంకె చూసి అంకె వేస్తే తప్పుతుంది, సరిపోల్చే పట్టిక చూడాలి.

చైన్ మీద 428 అని ఉంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. కొత్త చైన్‌లో ఇలాంటి 20 ఖాళీలు 254 మిల్లీమీటర్లు వస్తాయి. అంతకు ఎంత పెరిగితే మార్చాలో మాన్యువల్‌లో ఉంటుంది. చైన్ సాగిందంటాం గానీ ఇనుము సాగదు, కీళ్లలోని పిన్నులు, బుష్‌లు అరుగుతాయి. చైన్, రెండు స్ప్రాకెట్లు సెట్‌గానే మార్చాలి. ఎయిర్ ఫిల్టర్ అంచు సీటులో సరిగ్గా కూర్చోకపోతే దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండర్‌ను గీకేస్తాయి. అద్దాలు, హ్యాండిల్ గ్రిప్పులు, ఫుట్ రెస్ట్ రబ్బర్లకు చవక సరుకు చాలు.

ఏ పార్టు కొన్నా పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఏడాది, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. చట్టం అడిగే వివరాలివి. ఇవి లేని బ్రేక్ షూలను ఉచితంగా ఇచ్చినా వద్దనండి. బిల్లు కూడా తీసుకోండి.

కొత్త షూలు వేసిన రోజు బ్రేకు మెత్తగా పడితే వెంటనే సరుకును తిట్టుకోవద్దు. అరిగిన డ్రమ్ము ఆకారానికి కొత్త లైనింగు కుదురుకునే దాకా అక్కడక్కడే ఆనుతుంది. కొన్నాళ్లు నెమ్మదిగా నడుపుతూ, మెల్లగా పలుమార్లు బ్రేకు వేస్తే ఆ పట్టు వస్తుంది. అప్పటికీ రాకపోతే డ్రమ్ము లోపలి వ్యాసం కొలిపించండి. దాని గరిష్ఠ హద్దు సాధారణంగా డ్రమ్ము మీదే అచ్చువేసి ఉంటుంది. అది దాటిపోతే ఎంత ఖరీదైన షూలు వేసినా ఫలితం ఉండదు.